చూడని చోట అడ్డగీత

మొన్న మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, తాండూరులో నేను పనిచేసే డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో సోడియం దీపం స్విచ్ వేశాను. ఆ దీపం వేయగానే వెలగదు. ముందు దాని కింది పెట్టె గుర్రుమంటుంది. తరువాత గాజుగొట్టంలో గులాబీ రంగు మసకగా కనిపిస్తుంది. ఎనిమిది తొమ్మిది నిమిషాలు గడిస్తే తప్ప అది నిండు పసుపులోకి రాదు. పసుపు నిలకడగా వచ్చేదాకా కొలతలు తీసుకోకూడదు. విద్యార్థులు ఆ కాసేపూ ఫోన్లు చూసుకుంటారు. నేను చేతులు కట్టుకుని ఆ గుర్రుమనే చప్పుడు విన్నాను. వేడెక్కుతున్న పెట్టె మీది దుమ్ము కాలిన వాసన వచ్చింది. నాకు పందొమ్మిదేళ్లున్నప్పుడు ఇదే బల్ల దగ్గర, ఇదే వాసనలో ఖలీల్ సార్ మాట్లాడుతుంటే విన్నాను. ఆయన పోయి నాలుగు నెలలైంది.

ఖలీల్ సార్ మా కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పారు. వికారాబాద్‌లో ఉండేవారు. రోజూ పొద్దున రైలెక్కి తాండూరు వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు. పొట్టి మనిషి. ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కా వేసుకునేవారు. జేబులో రెండు పెన్నులుండేవి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆయనను గొప్పగా చూపించాలని నాకు లేదు. మార్కుల దగ్గర పిసినారి. మధ్యాహ్నం అడగకుండానే ఎదుటివాళ్ల డబ్బాలోంచి పచ్చడి తీసుకునేవారు. కిటికీ తెరిచి ఉంటే దుమ్ము వస్తుందని, మూసి ఉంటే ఉక్కపోస్తుందని ఒకే గంటలో రెండుసార్లు కేకలు వేసేవారు. పాఠం చెప్పడంలో కూడా ఆయన కంటే బాగా చెప్పేవాళ్లను తరువాత హైదరాబాద్‌లో చూశాను. అయినా నా ప్రాణం ఈ రోజు కుదుటగా ఉందంటే దానికి కారణం ఆయన. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. క్వాంటం సిద్ధాంతంలో లెక్కలు ఎలా చేయాలో తరగతి గదిలో చెప్పేవారు. ఆ లెక్కలకు అర్థం ఏమిటన్నది మాత్రం సోడియం దీపం వేడెక్కే ఎనిమిది నిమిషాల్లోనే మాట్లాడేవారు. దీపం వేయగానే స్టూలు లాక్కుని కూర్చుని, "ఆఁ, అడుగుండ్రి" అనేవారు. పసుపు వచ్చిన మరుక్షణం మాట మధ్యలో ఉన్నా ఆపి లేచేవారు. ఆ తరువాత ప్రయోగం ముగిసేదాకా అర్థం గురించి ఒక్క మాట మాట్లాడనిచ్చేవారు కాదు. ఆయన మైమరచి ఆపకపోతే అటెండరు నర్సిములు గుమ్మంలోంచి హెచ్చరించేవాడు. "సార్, పసుపైంది. మీ లోకాలు బంద్ చెయ్యుండ్రి" అనేవాడు. కరెంటు పోతే దీపం ఆరిపోయేది. తిరిగి వేస్తే మళ్లీ మొదటి నుంచి వేడెక్కాలి. మా రోజుల్లో కరెంటు తరచుగా పోయేది కాబట్టి మేం ఆ విషయం బాగానే విన్నాం.

నాది పెద్దేముల్ దగ్గర పల్లె. షేర్ ఆటోలో తాండూరుకు వచ్చి చదువుకునేదాన్ని. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కాంతిని బాగా తగ్గించి, ఒక్కొక్క రేణువుగా రెండు సన్నని చీలికల మీదికి పంపితే, అవతలి తెర మీద ఒక్కొక్క చుక్కే పడుతుంది. వేల చుక్కలు పడ్డాక చూస్తే చారలు కనిపిస్తాయి. రెండు చీలికల్లోంచీ వచ్చిన అలలు కలిస్తేనే అలాంటి చారలు వస్తాయి. మరి ఒంటరిగా వచ్చిన రేణువు ఏ చీలికలోంచి వచ్చినట్టు? దీపానికీ తెరకూ మధ్య ఏం జరిగినట్టు? కొందరు చూడకముందు ఏముందని అడగడమే తప్పంటారు. కొందరు రేణువు ఎప్పుడూ ఒక్క దారిలోనే ఉందనీ, మనకు కనబడని ఒక అల దాన్ని నడిపిందనీ అంటారు. కొందరు జరగగలిగినవన్నీ జరుగుతాయనీ, ఒక్కోటి ఒక్కో లోకంలో జరుగుతుందనీ, మనం ఒకదాన్నే చూస్తామనీ అంటారు. ఇంకొందరు ఈ సమీకరణం లోకాన్ని చెప్పడం లేదు, లోకం గురించి మన అంచనాను చెబుతోంది అంటారు. సార్ ఎవరి పక్షాన మాట్లాడితే వాళ్లే నిజమనిపించేది. మరుసటి వారం వాళ్లను కాదని ఇంకొకరి పక్షం తీసుకునేవారు.

"మీరు దేన్ని నమ్ముతరు సార్?" అని అడిగాను ఒకసారి.

"పసుపైనంక అడుగు" అన్నారు. పసుపయ్యాక అడగనివ్వరని అందరికీ తెలుసు.

ఆ ఏడాదే నేను ఆయనకు దొరికిపోయాను. గ్రేటింగ్ అనే గీతల పలకలోంచి సోడియం వెలుతురును పంపి, అది ఎంత కోణంలో వంగిందో చూసి, దాని తరంగదైర్ఘ్యం కట్టాలి. ఎడమవైపు రెండు రేఖలు, కుడివైపు రెండు రేఖలు. ఒక్కోదానికి పరికరం మీది రెండు స్కేళ్లలోనూ కోణం చదవాలి. నేను కుడివైపు రెండో రేఖకు వచ్చేసరికి కరెంటు పోయింది. ఆటో పోతుందన్న తొందరలో ఉన్నాను. పుస్తకంలో తరంగదైర్ఘ్యం ఎంతో ఉంది కదా. దానిలోంచి వెనక్కి లెక్క కట్టి, ఆ రేఖ ఎక్కడ కనిపించాలో తేల్చి, రెండు స్కేళ్ల దగ్గరా ఆ అంకెలు రాసి వెళ్లిపోయాను. అందరం చేసే పనే.

మరునాడు సార్ నా రికార్డు తెరిచి పట్టుకుని పిలిచారు.

"ఏం బిడ్డా, నీ రెండు స్కేళ్లు ఎప్పటిసంది దోస్తులైనయి? మిగిలిన అన్ని చోట్ల కోణంల రెండు మూడు నిమిషాలు తేడా కొట్టినయి. ఆఖరికి వచ్చేటాలకు అలయ్ బలయ్ ఇచ్చుకున్నయి."

నేను నేల చూశాను.

"కరెంట్ ఎప్పుడు పోయింది?"

"పన్నెండున్నరకి సార్."

"మరి గీ రేఖ ఎట్ల చూసినవ్? అగ్గిపుల్ల గీసినవా?"

వెనక ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు. "చూసింది రాయి. చూడనిది రాయకు" అన్నారు.

"మరి ఆ గడి ఖాళీగ ఇడ్వాల్నా సార్?"

"ఖాళీగ ఇడ్వకు. ఖాళీగుంటె రేపు నీకే ఏదన్న నింపబుద్ధయితది. అడ్డగీత పెట్టు."

"సున్నా పెడితే?"

"సున్నా అంటె చూసిన, ఆడ ఏం లేదు అని. అడ్డగీత అంటె నేను చూడలే అని. రెండు ఒకటి కాదు. జర దిమాగుల పెట్టుకో."

ఎర్ర పెన్నుతో నా అంకెలు కొట్టేసి, రెండు అడ్డగీతలు పెట్టి, పక్కన పొట్టి సంతకం చేశారు. పదికి నాలుగు మార్కులు వేశారు. నాకు వారం రోజులు ఆయన మీద కోపం పోలేదు.

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదివి, అదే కాలేజీకి కాంట్రాక్టు లెక్చరర్‌గా తిరిగి వచ్చాను. అప్పటికి సార్ మా శాఖకు పెద్ద. ఆలోగా నాకు పెళ్లయింది. నా భర్త యాదగిరికి వికారాబాద్‌లో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉండేది. అందుకని మేం వికారాబాద్‌లో ఉండేవాళ్లం, నేను కూడా సార్ ఎక్కే ఎనిమిదీ పది బండిలోనే తాండూరు వెళ్లేదాన్ని. వికారాబాద్‌లో పట్టాలు విడిపోతాయి. ఒకటి తాండూరు వైపు, ఒకటి బీదర్ వైపు. ఒకరోజు బండి కోసం ఎదురుచూస్తూ, రేణువు రెండు చీలికల్లోంచి పోవడమంటే మన బండి ఇక్కడ రెండు వైపులా పోయినట్టే కదా అన్నాను. పక్కన కూర్చున్న ముసలాయన విని, "ఒక్క దిక్కు పోనీకె టైముకు వస్తలేదు, రెండు దిక్కుల యాడ పోతదమ్మా" అన్నాడు.

సార్ పెద్దగా నవ్వారు. తరువాత, "రైలుతోని పోల్చకు బిడ్డా" అన్నారు. "గీ బండి యాడున్నదో మనకు ఎరుక లేదు గని స్టేషన్ మాస్టర్‌కు ఎరుకే. రేణువు సంగతి గట్ల కాదు. ఎవలకన్న ఎరుకనా, ఎవలకు ఎరుక లేదా, గదే కొట్లాట."

యాదగిరికి నా చదువు మీద గౌరవమూ వెటకారమూ రెండూ ఉండేవి. "నీ రేణువులు మంచిగున్నయా?" అని అడిగేవాడు సాయంత్రం ఇంటికి రాగానే. యాదగిరి చనిపోయిన రోజు పొద్దున ఏడూ ఇరవై ఐదుకు, టీ తాగుతూ ఛాతీలో మంటగా ఉందన్నాడు.

"నిన్న మిర్చి బజ్జీలు తింటివి గదా. గ్యాసే. గోళీ ఏసుకో" అన్నాను.

"ఏసుకుంట. నువ్వు పో, ప్రాక్టికల్సు గదా. బండి పోతది."

ఆ రోజు మా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు. నేను ఎనిమిదీ పది బండి ఎక్కాను. పది గంటల యాభై నిమిషాలకు యాదగిరి దుకాణంలో ఒక మోటారు విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడట. పదకొండూ నలభైకి నాకు ఫోన్ వచ్చింది. ఆయనకు ముప్పై ఆరేళ్లు.

నెల తరువాత కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టాను. రైల్లో విద్యార్థుల రికార్డులు దిద్దుకునేదాన్ని. వాటిలో వాడని రికార్డు ఒకటి ఉంటే, దాని చివరి పేజీలో ఒక పట్టిక గీశాను. రెండు నిలువు వరుసలు. మొదటిదాని పైన 'జరిగింది' అని రాశాను. ఏడూ ఇరవై ఐదు, మంట అన్నాడు. ఏడున్నర, గోళీ. ఏడూ యాభై, నేను బయలుదేరాను. ఇలా పదకొండూ నలభై దాకా. రెండో వరుస పైన 'ఉండిపోతే' అని రాశాను. ఏడూ ముప్పై ఐదు, ఆటో. ఏడూ నలభై ఐదు, ఆసుపత్రి. ఏడూ యాభై ఐదు, ఈసీజీ. ఎనిమిదీ పది, అంబులెన్సు. పదింటికి హైదరాబాద్. పదిన్నరకు ఆపరేషన్. పదీ యాభైకి ఆయన బతికి ఉన్నాడు. మొదట తోచినట్టు రాశాను. తరువాత రోజూ దాన్ని సవరించేదాన్ని. ఆటో స్టాండు దాకా నడిచి చూసి నాలుగు నిమిషాలని తేల్చాను. హైదరాబాద్‌కు శంకరపల్లి మీదుగా పోతే ఎంత, చేవెళ్ల మీదుగా పోతే ఎంత అని అడిగి తెలుసుకున్నాను.

అది పిచ్చి అని నాకు అనిపించలేదు, ఎందుకంటే నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. జరగగలిగినవన్నీ జరుగుతాయి. కాబట్టి ఆ రెండో వరుస ఎక్కడో నిజంగా జరిగింది. అక్కడ ఒక భాగ్య, అంటే ఇంకో నేను, సెలవు పెట్టింది, అక్కడ యాదగిరి సాయంత్రం రేణువుల గురించి అడుగుతున్నాడు. మొదట్లో ఇది నాకు ఓదార్పుగా ఉండేది. కొన్ని వారాలకు అది తిరగబడింది. అక్కడి భాగ్య సరైన పని చేసింది. ఇక్కడున్నది తప్పు చేసిన భాగ్య. నేను తింటున్న అన్నం, ఎక్కుతున్న రైలు అన్నీ ఆ తప్పులోంచి వచ్చినవే అనిపించేది. ఇంట్లోవాళ్లు, కాలేజీవాళ్లు, దుకాణం పక్కవాళ్లు అందరూ నీ తప్పేం లేదన్నారు. వాళ్లకు రెండో వరుస సంగతి తెలియదు కదా అనుకునేదాన్ని. బండి కూత వినబడితే చెవులు మూసుకునేదాన్ని. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. ఇంకా ఏమేం అనుకున్నానో ఇక్కడ రాయను.

మా రికార్డులన్నింటికీ ఒకే రంగు అట్ట. ఒకరోజు దిద్దిన కట్టను శాఖ పెద్ద సంతకం కోసం సార్ బల్ల మీద పెట్టినప్పుడు నా పట్టిక ఉన్న రికార్డు కూడా అందులో వెళ్లిపోయింది. నేను సాయంత్రం రైల్లో గమనించాను. వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

మరునాడు ప్రయోగాల గంటకు ముందే సార్ ప్రయోగశాలలో ఉన్నారు. నేను లోపలికి రాగానే సోడియం దీపం స్విచ్ వేసి స్టూలు లాక్కున్నారు. నా రికార్డు బల్ల మీద పెట్టారు. రెండో వరుసలో ప్రతి అంకె మీదా ఎర్ర గీత కొట్టి ఉంది. ఒక్కోదాని పక్కన ఒక అడ్డగీత, ఒక పొట్టి సంతకం. మొత్తం ఏడు.

"గీ రెండో వరుస ఎవలు కొలిసిన్రు?" అని అడిగారు.

నేను రికార్డు మూయబోయాను.

"మొదటిది మంచిగుంది. చూసింది, విన్నది రాసినవ్. రెండోదాన్ల ఆటో నిలబెట్టినట్టే ఉన్నది. డాక్టరు దర్వాజ కాడనే నిలబడ్డడు. అంబులెన్సు పదిహేను నిమిషాలల్ల వచ్చింది. మన వికారాబాద్‌లనేనా?"

నాకు ఒళ్లు మండింది. "ఆ సిద్ధాంతం మీరే గదా సార్ చెప్పింది. అన్నీ జరుగుతయి. అది కూడ జరిగింది. మీరెట్ల కొట్టేస్తరు?"

ఆయన కోప్పడలేదు. దీపం వైపు ఒకసారి చూశారు. అది ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

"సరే. నీ సిద్ధాంతమే పట్టుకుందం. నేను కాదంటలేను. అన్ని జరుగుతయి. మరి నువ్వు ఇంట్ల ఉన్నా గూడ యాదగిరి పోయిన లోకం ఏది? ఆటో పంక్చరైన లోకం ఏది? డాక్టరు గూడ గ్యాసే అని గోళీ ఇచ్చి పంపిన లోకం ఏది? నువ్వు రైలెక్కినా ఆయనకు ఏం కాని లోకం గూడ ఉండాలె. గవేవి రాయలే. అన్ని లోకాలల్లకెళ్లి ఒక్కటే ఏరుకున్నవ్. ఎందుకు? పుస్తకంల జవాబు చూసుకొని ఎన్కకెళ్లి లెక్క కట్టినవ్, గా గ్రేటింగ్ అప్పుడు కట్టినట్టే."

"ఏం జవాబు సార్?"

"తప్పు నాదే అని. గది ముందుగల్లనే రాసుకున్నవ్. దానికి సరిపోయే అంకెలు ఎతుక్కున్నవ్."

పెట్టె గుర్రుమంటూనే ఉంది. నేను ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన మామూలు పాఠం చెబుతున్నట్టే వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయారు.

"మిగిలినోళ్లను గూడ అడుగుదం. చూడక ముందు ఏమున్నదని అడగొద్దు అనేటోళ్లున్నరు. చెయ్యని ప్రయోగం సంగతి వాళ్లను అడిగితె అడ్డగీతే పెడతరు. దారి ఒక్కటే, గది ముందుగల్లనే ఉన్నది అనేటోళ్లున్నరు. వాళ్ల లెక్కల ఆ పొద్దుకు ఒకటే దారి, నీ రెండో వరుసకు జాగనే లేదు. అంత మన అంచనానే అనేటోళ్లున్నరు. వాళ్లు ఏమడుగుతరు? ఏడున్నరకు నీ కాడ ఏం సమాచారం ఉండె అని అడుగుతరు. బజ్జీలు, మంట. గంతే గదా? గా దాంతోనే అంచన ఏసినవ్. పదకొండు నలభైకి వచ్చిన ఫోన్ తోని ఏడున్నర అంచన దిద్దుతవా? పోరలు గట్ల చేస్తె నువ్వు మార్కులేస్తవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"వాళ్లల్ల వాళ్లు నూరేండ్ల సంది కొట్లాడుకుంటున్నరు. గని నీ రెండో వరుస కింద ఒక్కడు గూడ సంతకం పెట్టడు."

గుమ్మం దగ్గర నర్సిములు ఎప్పటి నుంచి ఉన్నాడో నాకు తెలియదు. మెల్లగా, "సార్, పసుపైంది" అన్నాడు. సార్ లేచారు. "పిల్లలొస్తున్నరు. కొలతలు తీపియ్" అని చెప్పి బయటికి వెళ్లిపోయారు. నేను పరికరం సరిచేసి మొదటి విద్యార్థిని పిలిచాను.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. నీ తప్పు లేదని ఆయన ఆ రోజూ అనలేదు, తరువాత ఎప్పుడూ అనలేదు. మిగిలినవాళ్లందరూ అన్న మాట అది. నేను ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆయన చూడలేదు కాబట్టి అనలేదు. నేను ఆయన మాట నమ్మడానికి అదే కారణం.

ఒక్కరోజులో ఏమీ మారిపోలేదు. పొద్దున బండి ఎక్కగానే చేతులు తిరిగి ఆ పేజీ తెరిచేవి. ఏదో ఒక అంకె రాసేదాన్ని. రాశాక, ఇది నేను చూశానా అని నన్ను నేనే అడిగి, కొట్టేసి అడ్డగీత పెట్టేదాన్ని. కొన్ని వారాలు రోజుకు ఆరేడు గీతలు పడ్డాయి. తరువాత రెండు మూడు. వానాకాలం సగమయ్యాక ఒకరోజు, కిటికీలోంచి కందిచేలు చూస్తూ కూర్చున్నానని, రికార్డు సంచిలోంచి తీయనే లేదని తాండూరులో దిగాక తట్టింది. అది గొప్ప ఆనందమేమీ కాదు. చాలాసేపు మోసిన బరువు కింద పెట్టాక భుజం తేలికవుతుంది కదా, అంతే. ఆ తేలిక ఇప్పటికీ ఉంది.

సార్ రిటైరయ్యారు. నేను తాండూరుకు మకాం మార్చాను. నెలకోసారి రెండో శనివారం వికారాబాద్ వెళ్లి ఆయనను చూసి వచ్చేదాన్ని. ఆయన భార్యను నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. ఆవిడ అల్లం వేసి చాయ్ పెట్టేది. సార్ పాత అలవాటుతో అందరి బిస్కెట్లూ తినేవారు. పోయిన వానాకాలంలో ఆయనకు కడుపులో నొప్పి మొదలైంది. డాక్టరు స్కాన్ తీయించుకోమంటే, చూద్దాం చూద్దాం అని దసరా దాకా నెట్టుకొచ్చారు. అప్పటికి గడ్డ పెద్దదైంది. ఇక చేయగలిగింది తక్కువని చెప్పారు.

చలికాలంలో ఒకసారి వెళ్లినప్పుడు ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. గొంతు మాత్రం అదే.

"ఇప్పుడు దీపం లేదు, నర్సిములు లేడు. ఇప్పుడన్న చెప్పుండ్రి సార్. మీరు దేన్ని నమ్ముతరు?" అన్నాను.

ఆయన దిండు సర్దుకున్నారు. "ఒక్కొక్క పదేండ్లు ఒక్కొక్కదాన్ని నమ్మిన. ఇప్పుడైతె అడ్డగీత" అన్నారు.

వంటింట్లోంచి ఆపా గొంతు వినిపించింది. "ముప్పై ఏండ్లు జీతం తీసుకొని గిదా చెప్పేది? పోరలు మళ్ల ఫీజులు వాపస్ అడుగుతరు."

సార్ నవ్వబోయి దగ్గారు. నాకు చివరిసారి ఆయన నవ్వు వినిపించింది అదే.

ఫిబ్రవరిలో ఆపా కబురు చేసింది, సార్ బాగా నీరసించారని. ఆదివారం వెళ్దామనుకున్నాను. ప్రాక్టికల్ పరీక్షలు మొదలయ్యాయి. ఆదివారం కూడా మార్కుల పట్టికలు తయారు చేయమన్నారు. వచ్చే ఆదివారం పోదాంలే అనుకున్నాను. గురువారం పొద్దున పరీక్ష జరుగుతుండగా ఫోన్ వచ్చింది. ఫోన్ మోగగానే నాకు గోడ గడియారం వైపు చూపు పోయింది. మళ్లీ ప్రాక్టికల్సు. మళ్లీ నేను తాండూరులో, ఆయన వికారాబాద్‌లో.

నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మగవాళ్లు ఆయనను ఖబరస్తాన్‌కు తీసుకువెళ్లిపోయారు. ఇంట్లో ఆడవాళ్లున్నారు. ఆపా లోపలి గదిలో, నాపరాళ్ల నేల మీద చాప వేసుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. దారంతా ఒక మాట గొంతులో పెట్టుకుని వచ్చాను. ఆదివారం వచ్చి ఉంటే ఆయన మాట్లాడేవారేమో, ఏదైనా చెప్పేవారేమో. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ ఆదివారాన్ని గంటలవారీగా కట్టుకుంటూ వచ్చాను. తొమ్మిదేళ్ల తరువాత రెండో వరుస మళ్లీ మొదలైంది. ఆ భయం, సిగ్గు నాకు దుఃఖం కంటే ఎక్కువగా ఉన్నాయి.

"ఆపా, మొన్న ఆదివారం రావాల్సింది నేను. ప్రాక్టికల్సని..." అని ఆగిపోయాను.

ఆపా నా వైపు చూసింది. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"ఆదివారం సంగతి నేను చెప్త. పొద్దంత నిద్రనే. వాళ్ల తమ్ముడొచ్చి పిలిస్తె గూడ కండ్లు తెరవలే. గది నేను చూసిన" అంది. "నువ్వొస్తె లేస్తుండెనా, లేవకపోతుండెనా, గది నాకు తెల్వదు. నీకు గూడ తెల్వదు."

నేను ఆవిడ ముఖంలోకి చూశాను.

"ఏం చూస్తవ్? నాకు మీ ఫిజిక్సు రాదు గని అడ్డగీత వస్తది" అంది. "స్కాన్ వచ్చిన పొద్దు సాయంత్రం ఆయన గూడ కాయితం పట్టుకొని కూసున్నడు. వానకాలంలనే పోతె గడ్డ గింత ఉంటుండె, శ్రావణంల పోతె గింత ఉంటుండె, ఆపరేషన్ అయితుండె, ఇంక పదేండ్లు బతుకుతుంటి అని లెక్కలు. నాలుగు రోజులు అదే పని. అన్నం లేదు, మాట లేదు. ఆఖరికి నేనే అడిగిన. క్యా జీ, పోరలకు ముప్పై ఏండ్లు చెప్పింది ఇంట్ల చెల్లదా అని. కాయితం కింద పెట్టిండు. గప్పుడు నవ్విండు. ఎర్ర పెన్ను నా చేతికే ఇచ్చిండు. నేనే గీసిన, అన్నిటికి. సంతకం గూడ నాతోనే పెట్టిచ్చిండు, ఉర్దూల."

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. ఆయన పోయినందుకు, ఉన్నట్టుండి ఊపిరాడినందుకు, రెండింటికీ కలిపి. అన్నేళ్లూ ఆయనకు ఆ పని సులువని అనుకున్నాను. నా ఏడు అంకెలూ కొట్టేసిన చెయ్యి తన అంకెలను కొట్టలేకపోయిందనీ, ఇంకొకరు పెన్ను పట్టుకోవాల్సి వచ్చిందనీ నాకు తెలియదు. రైల్లో నాకు మళ్లీ మొదలైనందుకు పడ్డ సిగ్గు ఆ క్షణంలో పోయింది. అది ఎవరికైనా మళ్లీ మొదలవుతుంది. మళ్లీ కొట్టేయాలి. చేతకాకపోతే పక్కవాళ్లకు పెన్ను ఇవ్వాలి.

"చాయ్ తాగుతవా?" అని అడిగింది ఆపా. నేను లేచి వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ నేనే పెట్టాను. సాయంత్రం బండిలో తాండూరు వచ్చేశాను. రుక్మాపూర్ స్టేషన్ దాటేసరికి నిద్ర పట్టింది.

మొన్న మంగళవారం దీపం పదకొండూ ఇరవై తొమ్మిదికి పసుపులోకి వచ్చింది. నేను ఆ మధ్యలో ఏమీ మాట్లాడలేదు. సార్ మాట్లాడినట్టు మాట్లాడటం నాకు రాదు. ఒక అమ్మాయి దుర్భిణిలోంచి తల ఎత్తి, "మేడం, కుడి దిక్కు రెండైనంక మూడో రేఖ కనిపిస్తలేదు. ఏం రాయాలె?" అంది.

"చూసినవా?"

"మొత్తం తిప్పి చూసిన. లేదు."

"అయితే లేదు అని రాయి. చూడకపోతే అడ్డగీత పెట్టేదానివి. చూసినవ్ కదా."

ఆ అమ్మాయి రాసుకుంది. తరువాతి అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. అడ్డగీతలున్న నా రికార్డు ఆ ప్రయోగశాల బీరువాలోనే కింది అరలో ఉంది. దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచానో గుర్తులేదు. యాదగిరి, సార్ ఇద్దరూ రోజూ గుర్తొస్తారు. ఆ పొద్దు ఎనిమిదీ పది బండి ఎక్కకపోయి ఉంటే ఏమయ్యేదని మాత్రం నేను ఇప్పుడు లెక్క కట్టడం లేదు.